బండికి ‘ఫుల్‌’ ఇన్సూరెన్స్‌... మరి డ్రైవర్‌కి?

ట్యాక్సీ ఎక్కేటప్పుడు పాలసీ ఉందా అని ఎవరూ అడగరు. అడిగినా ‘ఫుల్‌ ఇన్సూరెన్స్‌ ఉంది సార్‌’ అనే జవాబు వస్తుంది. ఆ ‘ఫుల్‌’లో ఎదుటి బండి ఉంటుంది, రోడ్డు మీది మనిషి ఉంటాడు, సొంత కారూ ఉంటుంది. స్టీరింగ్‌ పట్టుకున్న మనిషి మాత్రం చాలాసార్లు ఉండడు. ఆయనకు దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు? ఇల్లు ఎలా గడుస్తుంది? తెలుసుకుందాం.

తెల్లవారుజామున నాలుగున్నర. కృష్ణానగర్‌లో టీ బండ్లు అప్పుడే పొయ్యి వెలిగిస్తుంటాయి. షూటింగ్‌ యూనిట్ల కార్లు, వ్యాన్లు ఒక్కొక్కటిగా వచ్చి ఆగుతుంటాయి. ఆరు గంటల కాల్‌షీట్‌ అంటే ఆర్టిస్టు ఐదింటికి లేస్తే సరిపోతుంది. ఆయన్ని తీసుకెళ్లే డ్రైవర్‌ మూడున్నరకే లేవాలి. లొకేషన్‌ ఫిల్మ్‌నగర్‌ స్టూడియోలోనే కావచ్చు, నగరానికి ఆ చివర రామోజీ ఫిల్మ్‌సిటీ కావచ్చు. ప్యాకప్‌ చెప్పాక అందరినీ ఇళ్ల దగ్గర దింపి, బండి పెట్టి, చివరగా ఇంటికెళ్లేదీ ఆయనే.

సినిమావాళ్ల సంగతే కాదు. జూబ్లీహిల్స్‌ చెక్‌పోస్ట్‌ నుంచి రోడ్‌ నంబర్‌ 36, 45 మీదుగా దుర్గం చెరువు వంతెన వైపు పొద్దునా సాయంత్రం బారులు తీరే కార్లలో క్యాబ్‌లెన్నో, జీతానికి డ్రైవర్‌ నడిపే సొంత కార్లెన్నో. మన ఇంట్లో డ్రైవర్‌ లేకపోయినా వారానికి రెండుసార్లు క్యాబ్‌ ఎక్కుతాం. పెళ్లికో, ఊరికో వెళ్లాలంటే యాక్టింగ్‌ డ్రైవర్‌ని పిలుస్తాం. మన బంధువుల్లోనే బ్యాంకు లోను పెట్టి కారు కొని తిప్పుకొనేవాళ్లుంటారు. అందుకే ఇది డ్రైవర్‌ ఒక్కడి సమస్య కాదు, మన ఇళ్లదీ.

థర్డ్‌ పార్టీ అంటే ఎవరు?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం థర్డ్‌ పార్టీ బీమా లేకుండా ఏ బండీ రోడ్డెక్కకూడదు. ఇక్కడ మొదటి పార్టీ బండి యజమాని, రెండో పార్టీ బీమా కంపెనీ. ఈ బండి వల్ల దెబ్బతిన్న బయటి మనిషి మూడో పార్టీ. పాదచారి, ఎదుటి బైకు మీది మనిషి, ఎదుటి కారులోని వాళ్లు... వీళ్లంతా ఈ లెక్కలోకి వస్తారు. ట్యాక్సీ పాలసీలో ప్రయాణికుల కోసం కూడా ప్రీమియం కడతారు. ప్రాణం పోయినా, గాయాలైనా పరిహారం ఎంతన్నది ట్రిబ్యునల్‌ తేలుస్తుంది. ఆ మొత్తానికి పాలసీలో పైపరిమితి ఉండదు.

దీనికి ‘ఓన్‌ డ్యామేజ్‌’ కూడా కలిపితే జనం భాషలో అది ఫుల్‌ ఇన్సూరెన్స్‌. బంపర్‌ విరిగినా, వరదనీళ్లలో మునిగి పాడైనా, బండి పోయినా ఆ మేరకు కంపెనీ చూసుకుంటుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది.

కానీ తన తప్పు వల్లో, రోడ్డు మీద కుక్క అడ్డొచ్చో డ్రైవర్‌ డివైడర్‌ని గుద్దాడనుకోండి. వెనక సీట్లో ఉన్నవారికి థర్డ్‌ పార్టీ కింద దారి ఉంటుంది. కారుకు ఓన్‌ డ్యామేజ్‌ ఉంటుంది. డ్రైవర్‌ తనకు తానే మూడో మనిషి కాలేడు కాబట్టి ఆయనకు థర్డ్‌ పార్టీ వర్తించదు. ఎదుటి బండిదే తప్పయితే సంగతి వేరు. అప్పుడు ఆ బండి బీమా కంపెనీ మీద అందరిలాగే ట్రిబ్యునల్‌లో పరిహారం అడగొచ్చు.

తన తప్పో, ఎవరి తప్పూ కాదో అయిన సందర్భంలో డ్రైవర్‌కు దక్కేది ఏమిటన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. ఆ బండికీ ఆయనకూ ఉన్న సంబంధం ఏమిటి? సొంతదారా? జీతగాడా? అద్దెకు తీసుకున్నవాడా?

సొంత బండి అయితే... రూ.15 లక్షలు

యజమానే డ్రైవరైతే పాలసీలో ‘ఓనర్‌ డ్రైవర్‌ వ్యక్తిగత ప్రమాద బీమా’ అనే భాగం ఉండాలి. 2018 నుంచి దీని మొత్తం రూ.15 లక్షలు. ప్రమాదంలో మరణించినా, రెండు కాళ్లో రెండు చేతులో రెండు కళ్లో పోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా మొత్తం వస్తుంది. ఒక కాలో, చెయ్యో, కన్నో పోతే సగం. అంతకుమించి ఏమీ రాదు. కాలు విరిగి రాడ్‌ వేయించుకుంటే, మూడు నెలలు మంచం పడితే ఈ భాగం నుంచి పైసా రాదు. ఆసుపత్రి ఖర్చు దీని పరిధిలోకి రాదు.

ఇందులో మూడు చిక్కులున్నాయి. క్యాబ్‌ నడిపే ప్రతి ఇంటివాళ్లూ ఇవి సరిచూసుకోవాలి.

మొదటిది ఆర్‌సీ మీద పేరు. లోను సులువుగా వస్తుందనో, మరో కారణంతోనో చాలామంది బండిని భార్య పేరునో, అన్న పేరునో తీసుకుంటారు. అప్పుడు ‘ఓనర్‌ డ్రైవర్‌’ ఆమె లేదా ఆయన. రోజూ స్టీరింగ్‌ పట్టే మనిషి కాదు. ఆర్‌సీలో పేరున్నవారికి లైసెన్సే లేకపోతే ఆ భాగం కాగితం మీద కూడా పనిచేయదు.

రెండోది సెకండ్‌హ్యాండ్‌ బండి. పాత యజమాని పేరుతోనే పాలసీ నడుస్తుంటుంది. ఎదుటివారి పరిహారం విషయంలో పాలసీ కొత్త యజమానికి మారినట్టే చట్టం చూస్తుంది. సొంత బండి నష్టం, సొంత ప్రమాద బీమా కావాలంటే మాత్రం కొన్న 14 రోజుల్లోపు కంపెనీకి తెలిపి పేరు మార్పించుకోవాలి.

మూడోది ట్రావెల్స్‌ సంస్థ పేరుతో ఉన్న బండి. కంపెనీకి గానీ, భాగస్వామ్య సంస్థకు గానీ ‘ఓనర్‌ డ్రైవర్‌’ బీమా ఉండదు. అలాంటి బండి నడిపేవారి రక్షణ అంతా తర్వాత చెప్పబోయే లైను మీదే ఆధారపడుతుంది.

జీతం డ్రైవర్‌ అయితే... 50 రూపాయల లైను

జూబ్లీహిల్స్‌ ఇళ్లలో పనిచేసే డ్రైవర్లు, ట్రావెల్స్‌లో నెలజీతానికి తిప్పేవాళ్లు, ప్రొడక్షన్‌ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. డ్యూటీలో ఉండగా డ్రైవర్‌కు ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే అని 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం చెప్పింది. ఆ ఏర్పాట్లు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. తప్పు డ్రైవర్‌దా కాదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పనిలో ఉండగా, పని వల్ల జరిగిందా అన్నదే ప్రశ్న.

అంటే, ఇంటి కారుకు డ్రైవర్‌ని పెట్టుకున్న ప్రతి కుటుంబమూ చట్టం దృష్టిలో ఒక యజమానే. ఈ బాధ్యత ఎంత పెద్దదో లెక్క చూడండి. పరిహారానికి నెల జీతాన్ని గరిష్ఠంగా రూ.15,000గా తీసుకుంటారన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉంది. మరణమైతే అందులో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. 35 ఏళ్లవారికి ఆ గుణకం 197.06. అంటే 7,500ను 197.06తో గుణిస్తే రూ.14,77,950. పూర్తి శాశ్వత వైకల్యమైతే జీతంలో 60 శాతం లెక్క. అప్పుడది రూ.17,73,540. పనిలో తగిలిన గాయాలకు అయిన వైద్య ఖర్చును కూడా యజమాని చెల్లించాలని 2010లో ఈ చట్టంలో చేర్చారు.

ఏ మధ్యతరగతి కుటుంబమైనా ఇంత డబ్బు ఒక్కసారిగా తేగలదా? అందుకే కారు పాలసీలో ‘లీగల్‌ లయబిలిటీ టు పెయిడ్‌ డ్రైవర్‌’ అనే లైను ఉంటుంది. జీతానికి పెట్టుకున్న డ్రైవర్‌ పట్ల యజమానికి చట్టం పెట్టిన బాధ్యతను కంపెనీ తన మీద వేసుకుంటుందన్నమాట. దీనికి ఏడాదికి సాధారణంగా రూ.50 కడితే చాలు. నలుగురు టీ తాగితే అయ్యేంత ఖర్చు!

ఆన్‌లైన్‌లో తక్కువ ప్రీమియం కోసం టిక్కులు తీసేస్తూ పోయేటప్పుడు ఈ లైనూ పోతుంది. ‘జీరో డెప్‌ పెట్టావా?’ అని అడిగేవాళ్లం, ‘డ్రైవర్‌ లైను పెట్టావా?’ అని అడగం. ఇంట్లో ఉన్న పాలసీ కాగితం ఒకసారి తీయండి. ప్రీమియం పట్టికలో లయబిలిటీ కింద ఈ లైను, దాని ఎదురుగా అంకె కనిపించాలి. లేకపోతే రెన్యూవల్‌ దాకా ఆగక్కర్లేదు. కంపెనీనో, ఏజెంటునో అడిగితే మధ్యలో కూడా చేర్చే వీలుంటుంది.

ఇదే పట్టికలో ‘పెయిడ్‌ డ్రైవర్‌కు వ్యక్తిగత ప్రమాద బీమా’ అని మరో లైను కనిపించొచ్చు. రెండూ ఒకటి కాదు. మొదటిది చట్టపరమైన బాధ్యతకు, రెండోది ముందే అనుకున్న నిర్ణీత మొత్తానికి. రెండూ ఉంటే మంచిది. ఒక్కటే పెట్టుకోగలిగితే మొదటిదాన్ని వదలొద్దు.

రోజు అద్దె, యాక్టింగ్‌ డ్రైవర్‌... అసలు ఖాళీ ఇక్కడే

అందరికంటే తక్కువ రక్షణ ఉన్నది ఈ మనిషికే. ఎవరిదో కారు తీసుకుంటాడు. రోజుకింతని యజమానికి కట్టి, డీజిల్‌ పోసుకుని, మిగిలింది తాను ఉంచుకుంటాడు. ఆయన సొంతదారు కాదు కాబట్టి రూ.15 లక్షల భాగం వర్తించదు. జీతగాడని చూపించే కాగితమూ ఉండదు కాబట్టి రూ.50 లైను మీద క్లెయిమ్‌ వేస్తే ‘మీరు ఉద్యోగి కాదు, బండి అద్దెకు తీసుకున్నారు’ అనే వాదన ఎదురవుతుంది. బండిని అడిగి తీసుకుని నడిపినవారు యజమాని స్థానంలో ఉన్నట్టేనని, తమ తప్పుతో జరిగిన ప్రమాదానికి ఆ బండి థర్డ్‌ పార్టీ పాలసీ మీద పరిహారం అడగలేరని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది.

యాక్టింగ్‌ డ్రైవర్‌ది మరో రకం చిక్కు. ఫిల్మ్‌నగర్‌లో ఈ మాట వింటే సినిమా గుర్తొస్తుంది కానీ, పూటకో రోజుకో డబ్బిచ్చి పిలుచుకునే డ్రైవర్‌ని హైదరాబాద్‌లో అలాగే అంటారు. ఆయన మన కారు నడుపుతున్నంతసేపూ మనం డబ్బిచ్చి పెట్టుకున్న డ్రైవరే. మన పాలసీలో డ్రైవర్‌ లైను ఉంటే ఆయన కుటుంబం అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. లేకపోతే ఆ భారం మన మీదికే వస్తుంది. రాత్రి పార్టీకో, ఎయిర్‌పోర్టుకో డ్రైవర్‌ని పిలిచేముందు లైసెన్సు ఫొటో తీసుకోవడం, డబ్బు ఫోన్‌ ద్వారా చెల్లించడం ఇద్దరికీ మేలు. ఆ లావాదేవీయే రేపు సాక్ష్యం.

అద్దె బండి నడిపేవాళ్లకు ఒకటే సలహా. బండి పాలసీని నమ్ముకోవద్దు. తమ పేరు మీద విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవాలి. అది ఏ బండి ఎక్కినా వెంటే ఉంటుంది. నడిచి వెళ్తున్నప్పుడు జరిగినా వర్తిస్తుంది.

తెల్ల ప్లేటు బండి షూటింగ్‌కు ఇస్తే?

జూబ్లీహిల్స్‌లోనే ఎక్కువగా కనిపించే సమస్య ఇది. ఇంట్లో ఉన్న మంచి కారును సన్నివేశం కోసమో, యూనిట్‌ వాడకం కోసమో రోజు అద్దెకు ఇస్తారు. అది ప్రైవేటు రిజిస్ట్రేషన్‌ బండి. ప్రైవేటు కారు పాలసీలో ‘అద్దెకు, కిరాయికి వాడకూడదు’ అని స్పష్టంగా రాసి ఉంటుంది. అద్దెకు వెళ్లినప్పుడు ప్రమాదం జరిగిందని తేలితే సొంత బండి నష్టాన్ని కంపెనీ తిరస్కరించొచ్చు. ఎదుటివారికి పరిహారం చెల్లించాల్సి వస్తే, దాన్ని యజమాని దగ్గర రాబట్టుకోవడానికీ వెళ్లొచ్చు. తెల్ల ప్లేటుతో ప్రయాణికుల్ని ఎక్కించుకునేవారికీ ఇదే ప్రమాదం.

లైసెన్సు విషయంలో మాత్రం డ్రైవర్లకు ఒక ఊరట ఉంది. సాధారణ లైట్‌ మోటార్‌ వెహికిల్‌ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని విడిగా అనుమతి లేకుండానే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌ 6న తేల్చింది. కాబట్టి ‘ట్యాక్సీ లైసెన్సు లేదు’ అన్న ఒక్క సాకుతో క్లెయిమ్‌ కొట్టేస్తే ఊరుకోవద్దు.

మొదటి గంటలో...

ప్రమాదం జరిగాక మొదటి గంటను డాక్టర్లు గోల్డెన్‌ అవర్‌ అంటారు. ఆ గంటలో రక్తస్రావం ఆపగలిగితే, ఊపిరి నిలబెట్టగలిగితే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. ఆ సమయంలో ‘పాలసీ ఎక్కడుంది? అడ్వాన్సు ఎవరు కడతారు?’ అని ఆలోచించక్కర్లేదు.

2025 మేలో కేంద్రం అమల్లోకి తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చికిత్స చేయాలి. పాదచారా, ప్రయాణికుడా, డ్రైవరా అన్న తేడా లేదు. మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదమైతే చాలు. 112కు ఫోన్‌ చేసి, దగ్గరలోని ఏ ఆసుపత్రిలో ఈ పథకం ఉందో అడగండి. పోలీసులకు సమాచారం వెళ్లడం ఇక్కడ ముఖ్యం. ఆసుపత్రిలో మెడికో లీగల్‌ కేసుగా నమోదు చేయించండి.

సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని భయపడొద్దు. గాయపడినవారిని మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవారి మీద సివిల్‌ గానీ, క్రిమినల్‌ గానీ బాధ్యత ఉండదని 2019 సవరణతో చట్టంలోనే చేర్చారు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోతే? హిట్‌ అండ్‌ రన్‌ పథకం కింద మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు 2022 ఏప్రిల్‌ నుంచి ఇస్తున్నారు.

ఏడు రోజుల తర్వాత?

తొడ ఎముక విరిగితేనో, తలకు దెబ్బ తగిలితేనో ఏడు రోజుల్లో తేలదు. రూ.1.5 లక్షలూ సరిపోవు. ఆపైన ఆరోగ్య బీమానే దిక్కు. తెలంగాణలో అర్హత ఉన్న కుటుంబాలకు రాజీవ్‌ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌ 9 నుంచి రూ.10 లక్షలు. డ్రైవర్‌ కుటుంబానికి కార్డు ఉందా, అందులో అందరి పేర్లూ ఉన్నాయా అన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

అర్హత లేనివారు చిన్నదైనా కుటుంబ ఆరోగ్య పాలసీ తీసుకోవాలి. 2025 సెప్టెంబర్‌ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. దరఖాస్తులో రెండు విషయాలు దాచొద్దు. ఒకటి వృత్తి. ‘వ్యాపారం’ అని రాసి ట్యాక్సీ నడిపితే ప్రమాద పాలసీలో చిక్కొస్తుంది. రెండోది షుగర్‌, బీపీ. ముందే చెబితే ఆ జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ ఉంటుంది, అంతే. దాచిపెడితే మొత్తం క్లెయిమే పోవచ్చు. ప్రమాదంలో తగిలిన గాయాలకు సాధారణంగా నిరీక్షణ ఉండదు. పాలసీ మొదలైన రోజు నుంచే వర్తిస్తుంది.

గుండెపోటు ప్రమాదమేనా?

రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు కూర్చుని, దొరికినప్పుడు తిని, నిద్ర లేక తిరిగే శరీరం ఏళ్ల తరబడి ఊరుకోదు. నడుం నొప్పి, పెరిగే పొట్ట, షుగర్‌, బీపీ... ఇవన్నీ వృత్తితోపాటు వస్తాయి. దారిలో మూత్రశాల దొరకదని నీళ్లు తాగడం మానేస్తే కిడ్నీలో రాళ్లు. షుగర్‌ మందు వేసుకుని షూటింగ్‌ ఆలస్యమై భోజనం తప్పితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి, స్టీరింగ్‌ ముందే కళ్లు తిరగొచ్చు. గట్టిగా గురకపెట్టి, పగలు కునుకు తీసేవారికి నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉండొచ్చు. వీళ్లకు డాక్టర్‌ పరీక్ష తప్పనిసరి.

బండి నడుపుతుండగా గుండెపోటు వస్తే? వ్యక్తిగత ప్రమాద పాలసీ దాన్ని ప్రమాదంగా చూడదు. జబ్బుగానే చూస్తుంది. కానీ జీతం డ్రైవర్‌ అయితే కథ అక్కడితో ఆగదు. ఢిల్లీ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ నడుపుకుంటూ వచ్చి దారిలో కన్నుమూసిన డ్రైవర్‌ కేసులో, ఆ పని ఒత్తిడికీ మరణానికీ సంబంధం ఉందంటూ పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2012 డిసెంబర్‌లో చెప్పింది. డ్యూటీ గంటల వివరాలు, ట్రిప్‌ షీట్లు, ఫోన్లో వచ్చిన కాల్‌షీట్‌ సందేశాలు ఇలాంటప్పుడు బంగారంతో సమానం. వాటిని చెరిపేయొద్దు.

మంచం పట్టిన మూడు నెలలు

ఎక్కువమంది డ్రైవర్ల కుటుంబాలు చితికిపోయేది ఇక్కడే. ప్రాణాపాయం ఉండదు. కాలికి కట్టు వేసి, మూడు నెలలు కదలొద్దంటారు. జీతం ఆగుతుంది, బండి లోను ఆగదు. స్కూలు ఫీజు ఆగదు. ఈ ఖాళీని పూడ్చేది వ్యక్తిగత ప్రమాద పాలసీలో ఉండే ‘తాత్కాలిక పూర్తి వైకల్యం’ ప్రయోజనం. చాలా పాలసీల్లో బీమా మొత్తంలో వారానికి ఒక శాతం చొప్పున, పరిమితికి లోబడి ఇస్తారు. రూ.5 లక్షల పాలసీ ఉంటే వారానికి రూ.5 వేల దాకా. పాలసీ తీసుకునేటప్పుడు ‘చనిపోతే ఎంత?’ అని ఒక్కటే అడగొద్దు. ‘పని చేయలేకపోతే వారానికి ఎంత, ఎన్ని వారాలు?’ అనీ అడగండి.

దీనికి తోడు రెండు ప్రభుత్వ పథకాలు ప్రతి డ్రైవర్‌ బ్యాంకు ఖాతాలో ఉండాల్సినవి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి రూ.20. వయసు 18 నుంచి 70. ప్రమాద మరణానికి, పూర్తి వైకల్యానికి రూ.2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రూ.లక్ష. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు రూ.436. చేరే వయసు 18 నుంచి 50. ఏ కారణంతో మరణించినా రూ.2 లక్షలు. మే చివర్లో ఖాతాలో డబ్బు లేకపోతే రెండూ ఆగిపోతాయి.

యాప్‌ డ్రైవర్లకు ఏముంది?

యాప్‌ సంస్థలు తమ దగ్గర నమోదైన ప్రతి డ్రైవర్‌కూ కనీసం రూ.5 లక్షల ఆరోగ్య బీమా, రూ.10 లక్షల టర్మ్‌ బీమా కల్పించాలని కేంద్ర రవాణా శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2020లో తెచ్చిన వీటిని 2025లో సవరించారు. రాష్ట్రాలు వీటిని స్వీకరించి అమలు చేయాలి. గిగ్‌ కార్మికులకు రూ.5 లక్షల ప్రమాద బీమాను తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో ప్రకటించింది. గిగ్‌, ప్లాట్‌ఫామ్‌ కార్మికులకు చట్టంలో తొలిసారి చోటిచ్చింది సామాజిక భద్రతా కోడ్‌. ఈ-శ్రమ్‌ పోర్టల్‌లో నమోదైతేనే ఇలాంటి పథకాలకు మనిషి లెక్కలోకి వస్తాడు. అక్కడ పేరు లేనివాళ్లు వెంటనే నమోదు చేసుకోవాలి.

యాప్‌ ఇచ్చే బీమా ట్రిప్‌లో ఉన్నప్పుడేనా? ట్రిప్‌ ముగించి ఖాళీగా ఇంటికి వస్తున్నప్పుడు కూడానా? యాప్‌లోని బీమా పేజీ తెరిచి ఈ ఒక్క సంగతి చదివి, స్క్రీన్‌షాట్‌ తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. షూటింగ్‌లకు వెళ్లేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. నిర్మాణ సంస్థ యూనిట్‌కు గ్రూపు ప్రమాద బీమా తీసుకుంటే, అందులో డ్రైవర్ల పేర్లు ఉన్నాయా?

క్లెయిమ్‌ ఎక్కడ తప్పిపోతుంది?

- లైసెన్సు, ఫిట్‌నెస్‌, పర్మిట్‌ గడువు దాటితే. ఫోన్‌లో నెల ముందే గుర్తుచేసేలా పెట్టుకోండి.
- మద్యం తాగి ఉన్నట్టు తేలితే. ప్రమాద పాలసీలేవీ దీన్ని మన్నించవు.
- పోలీసులకు చెప్పకుండా రోడ్డు మీదే రాజీ పడితే. ఎఫ్‌ఐఆర్‌ లేకపోతే ట్రిబ్యునల్‌లో అడుగు ముందుకు పడటం కష్టం.
- ఆలస్యం చేస్తే. ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలని సవరించిన చట్టం చెబుతోంది.
- రెండు దారుల్లో ఒకేసారి వెళ్తే. జీతం డ్రైవర్‌కు ఉద్యోగి పరిహారమూ, మోటారు ట్రిబ్యునలూ రెండూ తెరిచి ఉన్నా ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ఏది మేలో న్యాయవాదిని అడిగాకే దరఖాస్తు చేయండి.

కంపెనీ తిరస్కరిస్తే అదే చివరి మాట కాదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. తర్వాత ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’కు 155255 నంబర్‌లో చెప్పొచ్చు. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోనే బీమా అంబుడ్స్‌మన్‌ కార్యాలయం ఉంది. రూ.50 లక్షల వరకు వివాదాలను వింటారు. రుసుము లేదు, లాయర్‌ అక్కర్లేదు.

మీ సందేహం... మా సమాధానం

మా డ్రైవర్‌కు ఆరోగ్య బీమా ఉంది. రూ.50 లైను ఇంకా ఎందుకు?
ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు వరకే. ప్రాణం పోయినా, కాలు పోయినా కుటుంబానికి చట్టప్రకారం రావాల్సిన పరిహారం మీ బాధ్యత. ఆ లైను దాని కోసం.

మావారి క్యాబ్‌ నా పేరు మీద ఉంది. ఏం చేయాలి?
ఆయన పేరు మీద విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి. వీలైతే ఆర్‌సీ, పాలసీ రెండూ ఆయన పేరుకు మార్పించండి. లోను ఉంటే బ్యాంకు అనుమతి కావాలి.

క్యాబ్‌లో మేం వెళ్తుండగా ప్రమాదం జరిగితే?
క్యాబ్‌ పాలసీ మీద, తప్పు ఎదుటి బండిదైతే దాని పాలసీ మీద క్లెయిమ్‌ చేయొచ్చు. బుకింగ్‌ వివరాలు, ట్రిప్‌ రసీదు దాచుకోండి. బండి నంబర్‌ ప్లేటు పసుపు రంగులో ఉందో లేదో ఎక్కేముందే చూడండి.

ఈ ఆదివారం ఒక్క పని

ఇంట్లో కారు ఉంటే పాలసీ తీయండి. డ్రైవర్‌ ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ‘అన్నా, నీకు ఏదైనా అయితే ఇందులో నీ లైను ఇదిగో’ అని చూపించండి. లేకపోతే సోమవారం చేర్పించండి. ఆయన బ్యాంకు ఖాతాలో రూ.20 పథకం ఉందో లేదో అడగండి. సురక్షా బీమా, ప్రమాద పాలసీ నంబర్లు ఒక కాగితం మీద రాసి, ఒక కాపీ బండిలో, ఇంకో కాపీ ఆయన ఇంట్లో పెట్టించండి. ప్రమాదం జరిగినప్పుడు ఆ కాగితం వెతకాల్సింది ఆయన కాదు, ఆయన భార్య. అది ఎక్కడుందో ఆమెకు తెలిసి ఉండాలి.